గ్లాసు ముట్టని మనిషికి కాలేయ క్యాన్సర్ ఎలా వచ్చింది?

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే కాలేయం గురించి అడిగినవే ఎక్కువ. అందులో ఒక కవరు బాగా లావుగా ఉంది. చింపి చూస్తే ఆరేళ్ల రక్త పరీక్షల జిరాక్సులు, తేదీల వారీగా పిన్ను కొట్టి ఉన్నాయి. వైద్యుడికి ఇంతకంటే మంచి ఉత్తరం ఉండదు. ముందు దానికే జవాబు రాస్తున్నాను, పేజీలో ఎక్కువ చోటు అదే తీసుకుంటుంది. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. మాది కూర్మన్నపాలెం. మా ఆయనకు యాభై ఆరేళ్లు, స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. పదమూడేళ్లుగా షుగర్ ఉంది, బీపీ ఉంది, కాస్త పొట్ట ఉంది. మందు, సిగరెట్టు ఏనాడూ ముట్టలేదు. గ్యాస్ నొప్పి అనుకుని స్కానింగ్ తీయిస్తే కాలేయంలో గడ్డ కనబడింది. సీటీ తీసి కుడివైపు 3.2 సెంటీమీటర్ల గడ్డ అని, సిర్రోసిస్ కూడా ఉందని, అది క్యాన్సరేనని చెప్పారు. హెపటైటిస్ బి, సి రెండూ లేవు. ఇప్పుడు మా ఆడపడుచు ‘నీకు తెలియకుండా తాగుతున్నాడేమో చూసుకో’ అంటున్నారు. మా బావగారు ఆయన మొహం మీదే అడిగేశారు. ఆ రోజు నుంచి ఆయన సరిగా అన్నం తినడం లేదు. తాగని మనిషికి ఇది ఎలా వచ్చింది? ముందే తెలుసుకునే దారి ఉండేదా? ఏటా చేయించిన పరీక్షలు పంపుతున్నాను. కాలేయ పరీక్షలో ఎస్జీపీటీ అంకె తగ్గిందని ఈ ఏడాది సంతోషించాం కూడా.

జవాబు: అమ్మా, ముందు ఈ పేజీ తీసుకెళ్లి మీ ఆడపడుచు గారి చేతిలో పెట్టండి. మీ వారిని అనుమానించనక్కర్లేదు. పదమూడేళ్ల షుగర్, దానికి తోడు బీపీ, పొట్ట. కాలేయం పాడవడానికి ఆ మూడూ చాలు.

కాలేయం చెడిందనగానే తాగుడు గుర్తుకు రావడం మన ఊళ్లో పాత అలవాటు. అందులో మా వైద్యుల తప్పూ ఉంది. దశాబ్దాల పాటు ఈ జబ్బును ‘నాన్ ఆల్కహాలిక్ ఫ్యాటీ లివర్’ అని పిలిచాం. పేరులోనే మద్యాన్ని తెచ్చి పెట్టి, ఆ పైన అది కాదని చెప్పాం. ఇంటికి వెళ్లి ఆ పేరు చెబితే చుట్టాలకు వినబడేది ఆల్కహాల్ అన్న మాటొక్కటే. 2023లో కాలేయ వైద్యుల అంతర్జాతీయ సంఘాలు కూడబలుక్కుని పేరు మార్చాయి. ఇప్పుడు ‘మెటబాలిక్ డిస్‌ఫంక్షన్ అసోసియేటెడ్ స్టియటోటిక్ లివర్ డిసీజ్’ అనాలి. నోరు తిరగదు, ఒప్పుకుంటాను. శరీరంలో చక్కెర, కొవ్వుల లెక్క తప్పడం వల్ల కాలేయానికి కొవ్వు పట్టే జబ్బు అని దాని అర్థం. నాకు మాత్రం ఈ పొడుగు పేరే నచ్చింది. ఫలానాది కాదు అనడం మానేసి ఫలానాది అని చెబుతోంది.

మీరు పంపిన కాగితాలు రాత్రి భోజనం అయ్యాక బల్ల మీద వరుసగా పరిచాను. ఎస్జీవోటీ, ఎస్జీపీటీ అంటే కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎంజైములు. ఆరేళ్ల కిందట మీ వారి వయసు 50. ఎస్జీవోటీ 42, ఎస్జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 2,10,000. మూడేళ్ల కిందట ఎస్జీవోటీ 60, ఎస్జీపీటీ అదే 64, ప్లేట్‌లెట్లు 1,59,000. ఈ ఏడాది ఎస్జీవోటీ 68, ఎస్జీపీటీ 49, ప్లేట్‌లెట్లు 1,36,000. మీరంతా చూసింది ఎస్జీపీటీనే. అది 64 నుంచి 49కి దిగిందని సంతోషించారు. నేను చూసింది ప్లేట్‌లెట్ల వరుస. మన దగ్గర ప్లేట్‌లెట్ల మాట డెంగ్యూ వచ్చినప్పుడే ఎత్తుతారు, బొప్పాయి ఆకు రసం వెతుక్కుంటూ పరుగెడతారు. జ్వరం లేని మనిషిలో అవి ఏళ్ల తరబడి మెల్లగా దిగుతున్నాయంటే కాలేయం వైపు చూడాలి. కాలేయం గట్టిపడితే దానిలోకి వచ్చే రక్తానికి దారి ఇరుకవుతుంది, ఒత్తిడి వెనక్కి తన్ని ప్లీహం (స్ప్లీన్) ఉబ్బుతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలో పట్టి ఉంచేస్తుంది. మూడేళ్ల కిందటి 1,59,000 పక్కన ల్యాబు వాళ్లు ఏ గుర్తూ పెట్టలేదు. లక్షన్నర దాటితే వాళ్ల లెక్కలో మామూలే. ఒక్కో కాగితం విడిగా చూస్తే అనుమానం రాదు, మూడూ పక్కపక్కన పెడితేనే దిగుడు మెట్లు కనబడతాయి.

ఎస్జీపీటీ తగ్గడమూ శుభవార్త కాదమ్మా. కణాలు చచ్చినచోట పీచులాంటి మచ్చ పెరిగిన కాలేయంలో ఆ అంకె తగ్గుతుండడం, ఎస్జీవోటీ దాన్ని దాటిపోవడం మామూలుగా జరిగేదే.

దీన్నంతా ఒక్క అంకెలోకి తెచ్చే లెక్క ఉంది, ఫిబ్-4 అంటారు. వయసును ఎస్జీవోటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని ఎస్జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటి దాన్ని రెండో దానితో భాగించాలి. 64కు వర్గమూలం 8, 49కి 7, మీ వారి అంకెలు లెక్కల మాస్టారు ఇచ్చినట్టే ఉన్నాయి. ఆరేళ్ల కిందట 1.25 వచ్చింది. మూడేళ్ల కిందట 2.5. ఈ ఏడాది 4. ఈ లెక్కలో 1.3 లోపు ఉంటే గట్టి మచ్చ ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్ చేయించాలి. అది కాలేయం ఎంత గట్టిపడిందో పక్కటెముకల మీద చిన్న తట్టు తట్టి కొలిచే యంత్రం, సూది ఉండదు. అరవై అయిదేళ్లు దాటినవాళ్లకు కింది గీతను 1.3 బదులు 2 అని చూసుకోవాలి. ముందే తెలిసే దారి ఉందా అని అడిగారు. మూడేళ్ల కిందటి కాగితంలో ఉంది, కాగితమూ కలమూ చాలు. ఇది మిమ్మల్ని నిందించడానికి రాయడం లేదు. ఈ లెక్క కట్టడం మీ పని కాదు. షుగర్ రోగి ఎదురుగా కూర్చున్న ప్రతి వైద్యుడి పని, నాతో సహా. కాలేయ కొవ్వును కూడా షుగర్, బీపీల జాతీయ కార్యక్రమంలో కలుపుతూ 2021లోనే కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది.

క్యాన్సర్ దాకా ఎలా వెళ్లిందో చెబుతాను. షుగర్ ఉన్నవాళ్లలో ఇన్సులిన్ ఉన్నా దాని మాట ఒంట్లో చెల్లదు. పొట్టలోని కొవ్వు కరిగి రక్తంలోకి, రక్తంలోంచి కాలేయంలోకి చేరుతుంది. తిన్న అన్నం, తీపి మిగిలితే కాలేయమే దాన్ని కొవ్వుగా మార్చుకుంటుంది. కణంలో కొవ్వు నిండిపోతే అది లోపలే ఆక్సిజన్‌తో కలిసి తుప్పు పుట్టిస్తుంది. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో కిటికీ ఊచలు చూడండి, పైకి రంగు బాగానే ఉంటుంది, గోటితో గీరితే పొరలు పొరలుగా లేస్తుంది. అలాంటి తుప్పుతో కణాలు చస్తుంటాయి. కాలేయానికి మళ్లీ పెరిగే గుణం ఉంది కాబట్టి చచ్చినచోట కొత్త కణాలు పుడతాయి. ఇరవై ఏళ్లు చావడం, పుట్టడం జరుగుతుంటే ప్రతిసారీ డీఎన్‌ఏను నకలు రాయాలి. అంతసేపు రాసేవాడికి అచ్చుతప్పు పడకుండా ఉంటుందా? పైగా చుట్టూ తుప్పు ఆ రాతనే చెరుపుతూ ఉంటుంది, రక్తంలో ఎక్కువైన ఇన్సులిన్ ‘పెరుగు, పెరుగు’ అని ఎగదోస్తూ ఉంటుంది. ఎప్పుడో ఒక తప్పుడు కణం ఆగకుండా పెరగడం మొదలుపెడుతుంది.

మరోపక్క చచ్చిన కణాల చోట మచ్చ పీచులా అల్లుకుంటుంది. ఆఖరికి నున్నగా ఉండాల్సిన కాలేయం సీతాఫలం తోలులా గుబ్బలు గుబ్బలుగా తయారవుతుంది. అదే సిర్రోసిస్. ఆ దశకు చేరినవాళ్లలో ఏడాదికి నూటికి ఒకరిద్దరికి క్యాన్సర్ మొదలవుతుంది. అందుకే సిర్రోసిస్ ఉందని తెలిసిన రోజు నుంచి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, దానితో ఏఎఫ్‌పీ అనే రక్త పరీక్ష తప్పనిసరి. కొవ్వు జబ్బులో ఇంకో మెలిక ఉంది. ఈ దారిన క్యాన్సర్ వచ్చినవాళ్లలో కొందరికి, కొన్ని పరిశీలనల్లో మూడో వంతు దాకా, సిర్రోసిస్ రాకముందే గడ్డ పుట్టింది. నొప్పి ఎందుకు రాలేదని అడుగుతారేమో. కాలేయం లోపల నొప్పి తెలిపే నరాలు లేవు, పైపొర సాగితేనే తెలుస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది. ఏఎఫ్‌పీ 9 అని చూసి ‘క్యాన్సర్ కాదేమో’ అనుకోవద్దు, గడ్డ ఉన్నా ఏఎఫ్‌పీ పెరగనివాళ్లు చాలామంది ఉంటారు. సిర్రోసిస్ ఉండి, సీటీలో గడ్డ ముందు మెరిసి తరువాత మసకబారితే ముక్క తీసి చూడకుండానే నిర్ధారిస్తారు. మీ సీటీ రిపోర్టులో ఆ రెండు మాటలూ ఉన్నాయి. సంతోషించాల్సిన సంగతులూ ఉన్నాయి. గడ్డ ఒక్కటే, రక్తనాళంలోకి పాకలేదు, కామెర్లు లేవు, పొట్టలో నీరు లేదు. వేడి సూదితో గడ్డను కాల్చే పద్ధతి మూడు సెంటీమీటర్ల లోపు గడ్డలకు బాగా పనిచేస్తుంది, మీ వారిది ఆ గీత మీదే ఉంది. కోసి తీయడం ఇంకో దారి, కానీ ప్లేట్‌లెట్లు అంత తక్కువగా ఉన్నప్పుడు మిగిలిన కాలేయం తట్టుకుంటుందా అని సర్జన్ జాగ్రత్తగా చూడాలి. కాలేయ మార్పిడి గురించీ అడగండి. అయిదు సెంటీమీటర్ల లోపు ఒకే గడ్డ అయితే మార్పిడికి అర్హులే అన్న నియమం 1996 నుంచి ప్రపంచమంతా వాడుకలో ఉంది. సర్జన్, రేడియాలజిస్టు, క్యాన్సర్ వైద్యుడు, కాలేయ వైద్యుడు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఆ సీటీ చూసేచోటికి తీసుకెళ్లండి. మీకు దగ్గరలో అగనంపూడిలోనే టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, అక్కడ మొదలుపెట్టవచ్చు. వెళ్లేటప్పుడు ఈ జిరాక్సులన్నీ పట్టుకెళ్లండి. ఎండోస్కోపీ చేయించారా అని కూడా అడగండి, అన్నవాహికలో ఉబ్బిన నాళాలుంటే ముందే తెలియాలి.

మీ అబ్బాయికి ఇరవై ఏడేళ్లు అని ఉత్తరం చివర రాశారు. ఒక టేపు తీసుకుని బొడ్డు దగ్గర కొలవండి. 90 సెంటీమీటర్లు దాటితే (ఆడవాళ్లకు 80) షుగర్, ఎస్జీవోటీ, ఎస్జీపీటీ, ప్లేట్‌లెట్లు చూపించండి. ఇంట్లో ఒకరికి ఇలా ముదిరితే రక్తసంబంధీకులకూ ముప్పు ఎక్కువ. బరువులో నూటికి అయిదు వంతులు తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, పది వంతులు తగ్గితే మచ్చ కూడా వెనక్కి వెళ్లే అవకాశం ఉంది. ఎనభై కిలోల మనిషికి అది ఎనిమిది కిలోలు. మీ బావగారికి పొట్ట ఉంటే ఆయన్నీ కొలవండి. మొహం మీద అడిగిన మనిషి కదా, కాదనలేరు.

ప్రశ్న: మాది భీమిలి. నన్ను మా మేనమామకే ఇచ్చారు. మా బాబుకు పదకొండేళ్లు. కామెర్లు వస్తే పరీక్షలు చేసి, కంట్లో రంగు వలయం చూసి విల్సన్ జబ్బు అన్నారు, మందులు మొదలుపెట్టారు. ఇది కూడా క్యాన్సర్‌లోకి దిగుతుందా? పాపకు ఏడేళ్లు, చలాకీగా ఉంది. దానికీ పరీక్ష చేయించమన్నారు. మా అత్తగారు, అంటే మా అమ్మమ్మే, ‘బాగున్న పిల్లకు సూదులెందుకు’ అని పడనివ్వడం లేదు.

జవాబు: మీ అమ్మమ్మ గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ వారమే పాపకు పరీక్ష చేయించండి. విల్సన్ అంటే ఒంట్లో రాగి పేరుకునే జబ్బు. ఒంట్లోని రాగిని పైత్యరసంలోకి పంపేసే జన్యువు ఒకటుంది. అది చెడిన ప్రతిని తల్లి, తండ్రి ఇద్దరూ ఒక్కోటి మోస్తుంటే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం. బాబుకు వచ్చింది కాబట్టి పాపకు రాదని లెక్క కాదు, ప్రతి కాన్పుకూ చీటీ కొత్తగానే తీస్తారు. మేనరికంలో ఇద్దరికీ ఒకే తాత ముత్తాతల ఆస్తి వస్తుంది, అందులో ఇలాంటి అప్పులూ ఉంటాయి. రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రోటీన్), ఇరవై నాలుగు గంటల మూత్రంలో రాగి, కంటి పరీక్ష, కుదిరితే జన్యు పరీక్ష. చలాకీగా ఉన్నప్పుడే దొరికితే మందుతో కాలేయం చెడకుండానే కాపాడవచ్చు.

ఇక క్యాన్సర్. రాగి పేరుకుని సిర్రోసిస్ వస్తే ముప్పు ఉంటుంది, కానీ ఇనుము పేరుకునే జబ్బుతో పోలిస్తే విల్సన్‌లో ఇది అరుదు. క్యాన్సర్ కంటే మీరు భయపడాల్సింది బాబు మందు మానేయడం గురించి. పదహారేళ్లకు మీసం వస్తుంది, ‘నాకేమీ లేదు’ అంటాడు. మందు హఠాత్తుగా ఆపినవాళ్లలో కాలేయం కొద్ది నెలల్లో కుప్పకూలిన సందర్భాలున్నాయి. పెనిసిలమిన్ ఇస్తున్నట్టయితే అది ఖాళీ కడుపున వేయాలి, తోడుగా విటమిన్ బి6 ఉండాలి. భీమిలిలో ఉండి పీతలు మానమనడం కష్టమే, అయినా మొదటి ఏడాది పీతలు, లివర్ కూర, జీడిపప్పు, చాక్లెట్ వద్దు. రాగి చెంబు ఇంట్లోంచి తీసేయండి. రాత్రంతా రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్లు తాగడం ఇప్పుడు అందరికీ గొప్ప అయింది, మీ బాబుకు మాత్రం అది విషంతో సమానం.

పుట్టుకతో వచ్చే ఇలాంటి జబ్బుల్లో క్యాన్సర్‌కు అసలు పేరు మోసింది టైరోసినీమియా, మొదటి రకం. టైరోసిన్ అనే మాంసకృత్తుల ముక్క ఒంట్లో మెట్లు మెట్లుగా విరగాల్సింది, చివరి మెట్టు దగ్గర ఆగిపోయి, డీఎన్‌ఏను దెబ్బతీసే విషాలుగా మారుతుంది. అందుకే ఒకప్పుడు బతికి బట్టకట్టిన పిల్లల్లో కూడా చాలామందికి చిన్నతనంలోనే కాలేయ క్యాన్సర్ వచ్చేది. దాని మందు కథ నాకు చాలా ఇష్టం. బాటిల్ బ్రష్ చెట్టు, అదే మన పార్కుల్లో ఎర్రటి సీసా బ్రష్షుల్లా పూలు వేలాడుతుంటాయి, దాని కింద కలుపు సరిగా మొలవడం లేదని అమెరికాలో ఒక శాస్త్రవేత్త 1970లలో గమనించాడు. అక్కడి నుంచి కలుపు మందుల పరిశోధన, అందులోంచి నిటిసినోన్. అది ఆ మెట్ల వరుసలో పైమెట్టు దగ్గరే తలుపు వేసేస్తుంది, కింద విషం తయారవదు. 1992లో మొదటిసారి పిల్లలకిచ్చిన ఫలితాలు ప్రచురించారు. పుట్టిన నెలలోపు మొదలుపెట్టిన పిల్లల్లో ఇప్పుడు ఆ క్యాన్సర్ దాదాపు కనబడదు. మీ పాప విషయంలో తొందర పెడుతున్నది ఇందుకే.

ప్రశ్న: పెందుర్తి నుంచి రాస్తున్నాను. నాకు నలభై ఎనిమిది. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్షలో 480 వచ్చింది. ఇనుము పేరుకునే హిమోక్రొమటోసిస్ అని, దాని వల్ల కాలేయ క్యాన్సర్ వస్తుందని చదివి నిద్ర పట్టడం లేదు.

జవాబు: నిద్రపోండి. ఆ జబ్బుకు ప్రధాన కారణమైన జన్యు మార్పు ఉత్తర ఐరోపా సంతతివాళ్లలో ఎక్కువ, మనలో చాలా అరుదు. మన దగ్గర ఫెరిటిన్ ఆ మాత్రం పెరగడానికి మామూలు కారణాలు కొవ్వు పట్టిన కాలేయం, షుగర్, మద్యం, ఏదో ఒక వాపు. ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ అనే పరీక్ష చేయించండి. 45 శాతం లోపు ఉంటే ఇనుము గోల వదిలేసి, పైన కూర్మన్నపాలెం వారికి చెప్పిన లెక్క మీకూ కట్టుకోండి. దాటితే అంకెతో మళ్లీ రాయండి.

ప్రశ్న: ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అన్నారు. కాలేయాన్ని కడిగేస్తుందని మా అక్కయ్యపాలెంలో ఒకాయన పొడి ఇస్తున్నాడు, తిప్పతీగ కషాయం కూడా తాగమన్నాడు. తాగమంటారా?

జవాబు: వద్దు. కాలేయం ఒంటినంతా కడిగే అవయవం, దాన్ని కడిగే పొడి లేదు. తిప్పతీగ తాగి కాలేయం వాచి ఆసుపత్రుల్లో చేరినవాళ్ల వివరాలు కోవిడ్ తరువాత మన దేశ వైద్యులే వైద్య పత్రికల్లో ప్రచురించారు. గ్రేడ్ 1 అన్నది స్కానింగ్‌లో కాలేయం కిడ్నీ కంటే కాస్త తెల్లగా మెరిసిందని మాత్రమే. అది కొవ్వు సంగతి చెబుతుంది, మచ్చ సంగతి చెప్పదు. దేశంలో పెద్దవాళ్లలో ముగ్గురిలో ఒకరికి ఈ కొవ్వు ఉంది. అందులో ఎక్కువమందికి క్యాన్సర్ రాదు, వచ్చేవాళ్లెవరో మచ్చను బట్టి తేలుతుంది. ఆ పొడి డబ్బులతో ప్లేట్‌లెట్లు, ఎస్జీవోటీ, ఎస్జీపీటీ చూపించుకోండి.

ప్రశ్న: కాఫీ తాగితే కాలేయానికి మంచిదంటున్నారు, నిజమా? – ఎంవీపీ కాలనీ పాఠకురాలు

జవాబు: రోజుకు రెండు మూడు కప్పులు తాగేవాళ్లలో మచ్చ, కాలేయ క్యాన్సర్ రెండూ తక్కువగా కనబడుతున్నాయని చాలా దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. అరకు గింజలు మన పక్కనే పండుతున్నాయి, మీకు లోటేమీ లేదు. రెండు చెంచాల చక్కెర మాత్రం వేయకండి. నేను ఉదయం ఆర్కే బీచ్‌లో నడుస్తుంటాను. అయిదు కిలోమీటర్లు నడిచి చెమట తుడుచుకుంటూ పూరీల బండి దగ్గర ఆగే స్నేహితులు నాకు ముగ్గురున్నారు. పోయిన వారం వాళ్ల ముగ్గురి రిపోర్టులూ అడిగి తెప్పించుకున్నాను. ఫిబ్-4 లెక్క కడితే ఇద్దరివి 1.3 లోపే ఉన్నాయి. మూడో ఆయనను గురువారం ఫైబ్రోస్కాన్‌కు రమ్మన్నాను.